చూసి కొట్టమన్న చిన్నాయన

మొన్న మంగళవారం పొద్దున నేను షెడ్డులో పంపు విప్పుతూ ఉండగా చిన్నమ్మ ఫోన్ చేసింది. ఆమె ఏడవలేదు. "మీ చిన్నాయన పోయినాడు పాపా. కాఫీ తాగి పండుకున్నోడు మళ్ళా లేవలే. నువ్వు రా" అని పెట్టేసింది. నా చేతిలో స్పానర్ ఉంది. ఎందుకో నాకే తెలియదు, దాన్ని ఎత్తి గోడకేసి కొట్టాను. సిమెంటు పెళ్ళ ఊడి కాళ్ళ మీద పడింది. ఆ తర్వాత కూర్చుని ఏడ్చాను.

ఆయన నాకు సొంత చిన్నాయన కాడు. మా నాన్న పడవకు ఇంజిన్ మేస్త్రి, నాన్నకు చిన్ననాటి స్నేహితుడు. నాన్నకంటే రెండేళ్ళు చిన్న కాబట్టి నాకు చిన్నాయన అయ్యాడు. పేరు ఇక్కడ రాయను. బెంగళూరు అంచున మా వర్తూరులో ఆ పేరు వెనక రెండేళ్ళుగా డీజిల్ దొంగ అనే మాట తగిలించి పలుకుతున్నారు. ఆయన దొంగ కాడు. రెండేళ్ళ కిందటి వరదలో మా పడవ ఇంజిన్ ఎందుకు ఆగిందో ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం నోరు మూసుకున్నాం. ఆయన ఇక తెరవలేడు కాబట్టి నేను తెరుస్తున్నాను.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు మృదుస్వభావి, ఎవరికీ హాని తలపెట్టనివాడు అని రాయడం వాడుక. మా చిన్నాయన అలాంటివాడు కాడు. కొట్టేవాడు. నోరు తెరిస్తే బూతు. కోపం వస్తే చేతిలో ఏముంటే అది గాల్లో ఉండేది. నేను ఆయన దగ్గరే పని నేర్చుకున్నాను, కాబట్టి నాకూ చేయి ముందు లేస్తుంది, బుద్ధి తర్వాత లేస్తుంది. ఈ మాట గొప్పకు చెప్పడం లేదు.

మా పని చెరువుల్లో, రాజకాలువల్లో గుర్రపుడెక్క తీయడం. బెంగళూరు వాననీటినీ, మురుగునీటినీ మోసుకొచ్చి చెరువుల్లో పోసే పెద్ద కాలువలను ఇక్కడ రాజకాలువలంటారు. ఉన్న రాజసమంతా పేరులోనే ఉంది. నాన్న ఒక ఇనప పడవ చేయించాడు. అడుగు చదునుగా ఉంటుంది. ముందువైపు గుర్రపుడెక్కను ఎత్తి లోపలికి లాగే ఇనప పళ్ళ బెల్టు, మధ్యలో ఒంటి సిలిండర్ డీజిల్ ఇంజిన్, వెనక నీటిని తోసే ఫ్యాను. ఆ ఇంజిన్ అంతకు ముందు దేవనహళ్ళి వైపు ఒక ద్రాక్షతోటలో బావినీళ్ళు తోడింది. తోట పోయి ఇళ్ళ సైట్లు పడ్డాక నాన్న దాన్ని పాతసామాన్ల వాడి దగ్గర కొన్నాడు.

దానికి బటన్ లేదు. హ్యాండిల్ తగిలించి చేత్తో తిప్పాలి. పైనున్న లీవర్ ఎత్తిపట్టి, చక్రం వేగం అందుకున్నాక వదలాలి. కాస్త తేడా వచ్చిందంటే ఇంజిన్ వెనక్కి తన్నుతుంది, హ్యాండిల్ చేతిలోంచి ఊడి మనిషి మీదికే వస్తుంది. చిన్నాయన పై పళ్ళు రెండు అలానే పోయాయి. ఎడమ జబ్బ ఒకసారి, కుడి మణికట్టు ఒకసారి విరిగాయి. విరిగిన ప్రతిసారీ కట్టు కట్టించుకుని వచ్చి, మిగిలిన చేత్తో దాన్ని తిప్పి, స్టార్ట్ అయ్యాక దాని ముఖాన ఉమ్మేవాడు. కానీ రోజూ పొద్దున పడవ ఎక్కగానే మాత్రం ఇంజిన్‌ను ముట్టి కళ్ళకద్దుకునేవాడు. ఆ వెంటనే దాని అమ్మను తిట్టేవాడు. రెండూ ఒక్క ఊపిరిలో జరిగేవి.

అయితే ఆయన కొట్టుడుకు ఒక పద్ధతి ఉండేది. ఇంజిన్ మొరాయిస్తే ముందు చేతులు వెనక్కి కట్టుకుని దాని చుట్టూ ఒకసారి తిరిగేవాడు. పొగ రంగు చూసేవాడు, పైపు పట్టుకుని చూసేవాడు, చెవి ఆనించేవాడు. సుత్తి ఆ తర్వాతే. "చూసి కొట్టల్ల పాపా. చూడకుండా కొడితే ఆ దెబ్బ పోయి యాడనో ఇంగొకనికి తగుల్తాది" అనేవాడు. నేను నవ్వేదాన్ని. ఇంజిన్‌ను సుత్తితో బాదే మనిషి నీతులు చెప్పడమేమిటని ఎగతాళి చేసేదాన్ని.

డిగ్రీ అయ్యాక నేను మడివాళలో లేడీస్ హాస్టల్లో ఉంటూ రెండేళ్ళు ఒక ఆఫీసులో కూర్చున్నాను. ఆ ఉద్యోగం ఊడాక నాన్నతో పడవ ఎక్కాను. మొదటి రోజే తిరుగుతున్న బెల్టు దగ్గర నిలబడి ఫోటో తీసుకుంటున్నాను. వెనక నుంచి ఎవరో మెడ విరిచేటంత గట్టిగా లాగారు. వెల్లకిలా పడ్డాను. లేచి చూస్తే చిన్నాయన నా చున్నీని పళ్ళతో పట్టి చింపి ముక్కలు కాలువలోకి విసురుతున్నాడు. నాన్న కూతురి మీద చేయి వేశాడని ఆయన మీదికి పోయాడు. ఇద్దరూ ఇనప పలకల మీద పడి దొర్లారు. చివరికి చిన్నాయన నాన్న జుట్టు పట్టుకుని తలను బెల్టు వైపు తిప్పి చూపించాడు. నా చున్నీ కొస ఆ పళ్ళలో పడితే నా మెడ ఎంత వరకు పోయి ఉండేదో అప్పుడు నాన్నకు కనిపించింది. తర్వాత బీడీ ముట్టించి చిన్నాయన చేతికిచ్చాడు. క్షమాపణ చెప్పుకోవడం వాళ్ళకు అంతే. నా మెడ చుట్టూ ఎర్రటి గీత వారం రోజులుంది. మర్నాడు చిన్నాయన తన పాత ఖాకీ చొక్కా ఒకటి ఉతికి తెచ్చి నా ముఖాన కొట్టాడు. "ఇది ఏసుకో. ఏలాడేది ఏదీ ఒద్దు" అన్నాడు.

ఇంకోసారి ఒక ట్యాంకర్‌వాడు సెప్టిక్ ట్యాంకుల మురికిని తెచ్చి మేము శుభ్రం చేసిన చోటే కాలువలో వదులుతున్నాడు. చిన్నాయన రెండు రోజులు చూశాడు, మూడో రోజు హ్యాండిల్ పట్టుకుని గట్టెక్కాడు. లారీ అద్దం, రెండు లైట్లు పగిలాయి, డ్రైవర్ భుజం కూడా. సాయంత్రం ఆ డ్రైవర్ నలుగురితో వచ్చి చిన్నాయనను గట్టు మీద పడేసి కర్రలతో కొట్టించాడు. నేనూ నాన్నా అడ్డం పోతే మాకూ పడ్డాయి. తలకు కుట్లతో మర్నాడు పొద్దునే పనికి వచ్చాడు. ఎందుకప్పా నీకీ గొడవ అని నాన్న అరిస్తే, ఆ మురికికి డెక్క మళ్ళీ పెరుగుతుంది, మళ్ళీ మనమే ఎత్తాలి కదా అన్నాడు. ట్యాంకర్ మాత్రం మళ్ళీ అటువైపు రాలేదు.

ఆ తర్వాతి ఎండాకాలంలో నాన్న పోయాడు, గుండెపోటు. పదో రోజు మా వాళ్ళలో ఆడవాళ్ళంతా చేరి అమ్మ గాజులు పగలగొట్టారు, బొట్టు తుడిచారు. అమ్మ ఒప్పుకోలేదు. చేతులు విదిలించుకుంది. ఒకామె అమ్మ తల గట్టిగా పట్టుకుంటే ఇంకొకామె తడిగుడ్డతో రుద్దింది. అమ్మ అరిచిన అరుపు వాకిట్లోకి వినిపించింది. ఆడవాళ్ళ మధ్యకు రాలేక చిన్నాయన వాకిట్లో ఉన్న నీళ్ళ డ్రమ్మును తన్నుతూ ఉండిపోయాడు. డ్రమ్ము చప్పుడుకు పురోహితుడు మంత్రం ఆపాల్సి వచ్చింది. నేను మాత్రం గడపలో నిలబడి చూశాను, ఒక్క చేయిని కూడా పట్టి ఆపలేదు.

ఆ ఏడాది ఆయుధపూజ నేను చేయాల్సి వచ్చింది. అమ్మ పడవ దగ్గరికి రాలేదు. పొద్దునే గంధం తీసి గిన్నె నా చేతికిచ్చి లోపలికి పోయింది. నేను పడవ కడిగి, అరటిపిలకలు కట్టి, పూలు వేశాను. బళ్ళకైతే చక్రాల కింద నిమ్మకాయలు పెడతారు. పడవకు చక్రాలు లేవు కాబట్టి ఫ్యాను రెక్కకు ఒకటి గుచ్చాను. గట్టు మీద బూడిదగుమ్మడికాయ పగలగొట్టాను. తర్వాత బొట్లు పెట్టడం మొదలుపెట్టాను. అమ్మ ముఖాన లేని బొట్టంతా ఆ ఇంజిన్‌కు పెట్టాలనిపించింది. చిక్కటి గంధం, దాని మీద రూపాయి బిళ్ళంత కుంకుమ. చక్రానికి, హ్యాండిల్‌కు, సిలిండర్‌కు, డీజిల్ ట్యాంకుకు, చివరికి ట్యాంకు మూత మీద కూడా నడిమధ్యన ఒకటి. చిన్నాయన చేతులు వెనక్కి కట్టుకుని చూస్తున్నాడు. మూత మీద పెట్టేటప్పుడు ఒక అడుగు ముందుకు వేసి చేయి ఎత్తాడు. ఏమిటని అడిగాను. ఏమీ లేదులే అని ఆ చేత్తోనే తల గోక్కున్నాడు.

పండగయ్యాక ఇంజిన్ మీద టార్పాలిన్ కప్పి ఉంచాం, పని మొదలుపెట్టక ముందే వాన పట్టుకుంది. వారం రోజులు విడవలేదు. ఆఖరి రోజు తెల్లవారేసరికి రాజకాలువ గట్టు దాటి పక్కనున్న లేఅవుట్‌లోకి దూకింది. కార్లు ఇళ్ళ గోడలకు కొట్టుకుంటున్నాయి. రేకుల షెడ్లలో ఉన్నవాళ్ళు పైకప్పులెక్కి అరుస్తున్నారు. సర్కారు పెద్ద పడవలు వచ్చేసరికి మధ్యాహ్నం అవుతుందని తెలిసి ఎవరో నాకు ఫోన్ చేశారు. మా దగ్గర పనిచేసే ఇద్దరి ఇళ్ళూ నీళ్ళలోనే ఉన్నాయి. చిన్నాయన, నేను, ఇద్దరమే పోయాం. డీజిల్ క్యాన్లు చిన్నాయన ఇంట్లోనే ఉంచేవాళ్ళం. నడుము లోతు నీళ్ళలో క్యాను భుజాన పెట్టుకుని వచ్చాడు. ట్యాంకులో పోసింది నేను, మూత బిగించిందీ నేనే.

మొదటి విడతలో షెడ్ల మీది పదిమందిని ఎక్కించుకున్నాం. సగం దారిలో ఇంజిన్ రెండుసార్లు దగ్గి ఆగింది. చిన్నాయన డీజిల్ పైపు ఊడదీసి నోటితో గట్టిగా ఊది, నోట్లో పడిన డీజిల్ ఉమ్మి, మళ్ళీ బిగించి తిప్పాడు. అందుకుంది. పైపులో గాలి చేరి ఉంటుందన్నాడు. వాళ్ళను రోడ్డు మీద దింపి రెండో విడతకు పోయాం.

కాలువ పక్కనే ఒక బిల్డింగ్ ఉంది. దాని వాచ్‌మన్‌ది బాగేపల్లి దగ్గరి పల్లె. మేము పడవ కట్టేది ఆయన గేటుకు ఎదురుగానే. చిన్నాయనా ఆయనా రోజూ కలిసి టీ తాగేవాళ్ళు, రోజూ ఏదో ఒకటి పట్టుకుని కొట్లాడుకునేవాళ్ళు. ఆ రోజు ఆయనా ఆయన భార్యా ఇంకో నలుగురూ కాంపౌండు గోడ మీద నిలబడి ఉన్నారు. అందరినీ ఎక్కించుకుని తిప్పాం. కాలువ నడిమధ్యకు వచ్చాక ఇంజిన్ మళ్ళీ ఆగింది.

ఈసారి నీళ్ళు మమ్మల్ని ఆగనివ్వలేదు. పడవ అడ్డం తిరిగి రోడ్డు వంతెన వైపు కొట్టుకుపోతోంది. వంతెన కింద సందు లేదు, నీళ్ళు దాని అంచుదాకా ఉన్నాయి. చిన్నాయన పొడవాటి వెదురుగడ తీసుకుని వంతెన గోడకు పొడిచి, రొమ్ము ఆనించి, పడవను ఆపి పట్టుకున్నాడు. మెడ నరాలు ఉబ్బాయి. నన్ను పైపు ఊది తిప్పమని అరిచాడు. ఊదాను. డీజిల్ గొంతులోకి పోయింది. హ్యాండిల్ తగిలించి తిప్పాను, వదలాల్సిన క్షణంలో లీవర్ వదల్లేదు. ఇంజిన్ తన్నింది. హ్యాండిల్ వచ్చి నా ముంజేతి మీద పడింది. కళ్ళు బైర్లు కమ్మాయి. వాచ్‌మన్ భార్య దేవుళ్ళను పిలుస్తోంది, నీళ్ళు కాళ్ళ మీదికి వస్తున్నాయి. నా తలలో ఒక్క ఆలోచనే తిరుగుతోంది. డీజిల్‌లో ఏదో ఉంది. డీజిల్ ఈయన ఇంట్లో ఉంది.

నేను చూడలేదు. ఇంజిన్ చుట్టూ తిరగలేదు, మూత తీయలేదు, ఏమీ చూడలేదు. నాలుగు అంగల్లో పోయి ఆయన చొక్కా పట్టుకుని తిప్పి చెంప మీద కొట్టాను. ఉన్న బలమంతా పెట్టి కొట్టాను.

"డీజిల్లో ఏం కలిపినావు? ఇంట్లో పెట్టుకొని ఏం కలిపినావు చెప్పు" అన్నాను.

ఆయన చేతిలోంచి గడ జారింది. పడవ ఒక్కసారిగా వంతెన మీదికి పోయింది. అంచున కూర్చున్న వాచ్‌మన్ గోడను తన్ని పడవను ఆపుదామని కాలు చాపాడు. పడవల మీద తిరగనివాళ్ళు ఎవరైనా అదే చేస్తారు. మూడు టన్నుల ఇనుము, వెనక కాలువంత నీళ్ళు, ముందు కాంక్రీటు గోడ, మధ్యలో ఒక మోకాలు. ఎముక నలిగిన చప్పుడు ఆ వానలో కూడా వినిపించింది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

అంతమందిని కొట్టిన మనిషి నన్ను తిరిగి కొట్టలేదు. "చూడు, నువ్వే చూడు" అంటూ ట్యాంకు దగ్గరికి పోయి, డీజిల్ చూపించడానికి మూత తిప్పాడు. మూత వదులవగానే ట్యాంకు బుస్సుమని గాలి పీల్చింది. ఆయన చేయి ఆగిపోయింది. ఇంజిన్ల సంగతి తెలియని పాఠకులకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. ట్యాంకు మూతకు నడిమధ్యన సూది దూరేంత బెజ్జం ఉంటుంది. డీజిల్ కిందికి దిగుతుంటే ఆ బెజ్జంలోంచి పైకి గాలి పోవాలి. అది మూసుకుంటే కాసేపటికి డీజిల్ దిగడం ఆగిపోతుంది. పైపు ఊదినప్పుడల్లా కొంచెం గాలి ట్యాంకులోకి పోయి, కాసేపు నడిచి, మళ్ళీ ఆగుతుంది. మూత మీద బెజ్జం ఉన్న చోట నేను పెట్టిన గంధం, కుంకుమ సున్నంలా గట్టిపడి ఉన్నాయి.

చిన్నాయన మూతను చూశాడు. నన్ను చూశాడు. బొటనవేలి గోటితో ఆ బొట్టును గీకేసి, మూత పెట్టి, హ్యాండిల్ తిప్పాడు. ఇంజిన్ అందుకుంది. అరుస్తున్న వాచ్‌మన్‌ను ఆయన భార్య ఒళ్ళో పెట్టుకుని ఉండగా అందరినీ గట్టుకు చేర్చాం. చిన్నాయన గోరు కింద ఎర్రగా ఉండటం నేను చూశాను. నాకు అప్పుడే అర్థమైంది. అర్థం కాలేదని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను, అది అబద్ధం.

గట్టు మీద జనం చుట్టుముట్టి ఏమైందని అడిగారు. పడవలో వచ్చిన ఒకాయన మేస్త్రి డీజిల్ అమ్ముకుని నీళ్ళు కలిపాడని, ఈ పాపే పట్టుకుని కొట్టిందని చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను. చిన్నాయన కూడా పక్కనే ఉండి పైపు తుడుచుకుంటున్నాడు. ఎవరం మాట్లాడలేదు. పని నేర్పిన మనిషిని ఊరికే ఎందుకు కొడుతుంది అన్నారు జనం. నా దెబ్బే సాక్ష్యమైపోయింది. ఆ రోజు నోరు విప్పితే నేను ఒక మనిషి కాలు విరగ్గొట్టినదాన్ని అవుతాను. నాకు భయం వేసింది. సిగ్గులేకుండా చెప్తున్నాను, భయం వేసింది.

వాచ్‌మన్ కాలులో రాడ్లు వేశారు. మోకాలు మళ్ళీ వంగలేదు. చిన్నాయన పండ్లు తీసుకుని చూడబోతే వాచ్‌మన్ మంచం మీద నుంచే స్టీలు చెంబు విసిరాడు. చిన్నాయన కనుబొమ్మ పగిలింది. ఇంట్లో అడిగితే హ్యాండిల్ తన్నిందన్నాడు. అపార్టుమెంట్లవాళ్ళు జనరేటర్లు చూడటానికి ఆయన్ను పిలవడం మానేశారు. టీ కొట్టులో ఆయన కూర్చుంటే పక్కవాళ్ళు లేచేవాళ్ళు. ఒకరోజు ఎవడో మా పడవ మీద పెయింటుతో దొంగ అని రాసిపోయాడు. నేను కిరసనాయిలుతో తుడుస్తుంటే, "ఇనుముకి మంచిదేలే పాపా, తుప్పు పట్టదు" అన్నాడు.

ఆ రెండేళ్ళూ నాతోనే పనిచేశాడు. ఇంజిన్‌ను మునుపటిలాగే ముట్టి కళ్ళకద్దుకునేవాడు, మునుపటిలాగే తిట్టేవాడు. నన్ను మాత్రం తిట్టడం మానేశాడు. తిడితే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో. కావాలని తప్పు స్పానర్ అందించేదాన్ని, హ్యాండిల్ నేల మీద పారేసేదాన్ని. ఏమీ అనేవాడు కాడు. మరుసటి ఏడు ఆయుధపూజకు నేను గంధం గిన్నె పట్టుకుని ట్యాంకు దగ్గర ఆగిపోయాను. "ఎంత పెడతావో పెట్టు. పక్కన ఇంగో బొక్క ఏసినా" అన్నాడు, అటు తిరిగి బోల్టు బిగించుకుంటూ. చూస్తే మూత అంచున కొత్త బెజ్జం ఉంది. ఆ సంగతి మా మధ్య అప్పటిదాకా ఒక్కసారి కూడా రాలేదు.

పోయిన నెల ఊపిరి అందక మంచం పట్టాడు. ముప్పై ఏళ్ళ పొగ అని డాక్టరు చెప్పాడు. నేను పోయి మంచం పక్కన కూర్చుని, ఇక దాచలేనని, వాచ్‌మన్ దగ్గరికీ టీ కొట్టు దగ్గరికీ పోయి అంతా చెప్పేస్తానని అన్నాను. చేయి ఎత్తి ఆపాడు. ఒక్కో మాటకూ ఊపిరి తీసుకుంటూ చెప్పాడు.

"నువ్వు ఆడ బొట్టు పెడతా ఉంటే నేను చూస్తానే ఉండా పాపా. బొక్క ఉండాదని నీకు తెలీదు. నాకు తెల్సు. తుడుద్దామని చెయ్యి ఎత్తినా. మీ అమ్మకి తుడిచింది కళ్ళ ముందరికి వచ్చె. అంతా అయి ఆరు నెల్లు కాలే, ఆ ఇంటి ఆడబిడ్డ పెట్టిన బొట్టు నేనెట్ల తుడిచేది? రేపు తుడుస్తాంలే అనుకుంటి. వానలో మర్చిపోతి."

కాసేపు దగ్గి, మళ్ళీ అందుకున్నాడు.

"ఇంజిన్ ఆగితే తప్పు మేస్త్రిదే. నువ్వు కొట్టింది సరైనోన్నే. ఈ మాట నువ్వు బయట చెప్పద్దు. ఇప్పుడిప్పుడే నిలబడినావు, నీ పడవ ఎవురెక్కుతారు?"

చెప్పనని నా చేత చేతిలో చేయి వేయించుకున్నాడు. ఆ చేయి ఇంకా గట్టిగానే ఉంది.

మంగళవారం సాయంత్రమే పూడ్చారు. మా వైపు ఆడవాళ్ళు శ్మశానానికి రారు. నేను పోయాను, చిన్నమ్మ కూడా నా వెంటే వచ్చింది. ఎవరో గొణిగితే ఆమె తిరిగి చూసిన చూపుకు ఊరుకున్నారు. ముప్పై ఏళ్ళు ఊరి పంపులన్నీ బాగు చేసిన మనిషికి పట్టుమని పదిహేను మంది కూడా రాలేదు. గుంతలో దింపాక వెనక నుంచి కర్ర చప్పుడు వినిపించింది. వాచ్‌మన్ వచ్చాడు. దగ్గరికి రాకుండా దూరంగా నిలబడ్డాడు. ఎవరో రమ్మంటే, "మట్టి ఏసేదానికి రాలేదప్పా. పోయినాడా లేదా చూసి పోదామని వచ్చినా" అన్నాడు. చిన్నమ్మ తల దించుకుంది.

నేను చిన్నాయనకు ఇచ్చిన మాట అక్కడే తప్పాను. గుంత అంచున నిలబడి, ఇంజిన్ ఆగింది నేను పెట్టిన బొట్టు వల్లనని, డీజిల్‌లో ఏ తప్పూ లేదని, గడ పట్టుకుని పడవను ఆపుతున్న మనిషిని నేను కొట్టబట్టే గడ జారిందని, అందుకే కాలు పోయిందని అందరికీ వినిపించేలా చెప్పాను. వాచ్‌మన్ కర్ర పొడుచుకుంటూ నా ముందుకు వచ్చాడు.

"అంటే ఆయప్ప ఏమీ కలపలేదా?"

లేదన్నాను.

"నీళ్ళు గూడా?"

"ఏమీ కలపలేదన్నా. మంచి డీజిలే."

కర్ర ఎత్తి నా భుజం మీద కొట్టాడు. ఇంకోసారి కొట్టాడు. నేను కదల్లేదు. మగవాళ్ళు పరుగెత్తుకొచ్చి ఆయన్ను పట్టుకున్నారు. ఇద్దరు నన్ను వెనక్కి లాగారు. చిన్నమ్మ మాత్రం ఉన్నచోటనే ఉండి, ఆయన్ను వదిలిపెట్టమంది.

వాళ్ళు వదిలారు. ఆయన కర్ర అవతలికి విసిరేశాడు. ఒంటికాలి మీద కుంటుకుంటూ గుంత దగ్గరికి పోయాడు. వంగబోయాడు, మోకాలు వంగలేదు. మట్టి కుప్ప మీద చతికిలబడి, విరిగిన కాలును ముందుకు చాపుకుని, రెండు చేతులతో మట్టిని గుంతలోకి తోయడం మొదలుపెట్టాడు. పారలు పట్టుకున్నవాళ్ళు తమ వంతు కోసం పక్కన నిలబడ్డారు. మూడు పిడికిళ్ళు వేయడం ఆచారం. ఆయన ఆపలేదు.